కుక్కకూ నక్కకూ పెళ్లెందుకు? భూగోళం, ప్రకృతి, పురాణగాథల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ల సముదాయంలో ప్రతి ఆదివారం ఉదయం పిల్లలకు తెలుగు నేర్పే తరగతి ఒకటి నడుస్తుంది. అక్షరాలు దిద్దించడంతో మొదలయ్యే ఆ గంట, కథ చెప్పే వేళకు తప్పనిసరిగా దారి మళ్లుతుంది. పిల్లలు బడిలో చదివిన భూగోళశాస్త్రాన్ని పట్టుకుని మమ్మల్ని నిలదీస్తారు. వాళ్లను దిగబెట్టడానికి వచ్చి వెనక బెంచీలో కూర్చుండిపోయిన తాతయ్యలూ అమ్మమ్మలూ పురాణం పక్షాన వాదనకు దిగుతారు. అలా మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలను, వాటికి మేము చెబుతూ వచ్చిన జవాబులను ఇక్కడ పొందుపరుస్తున్నాము. పురాణం చెప్పిన కారణం నిలవకపోయినా, ఆ కారణం వెతికేలా చేసిన దృశ్యాన్ని ఎవరో ఒకరు కళ్లారా చూసి ఉంటారనేది మా నమ్మకం. అందుకే కథను నమ్మాలా మానాలా అని తేల్చేముందు, ఆ కథ ఏమి చూసిందో అడగడం మా తరగతిలో అలవాటైంది.

ఎండా వానా కలిసి వస్తే కుక్కకూ నక్కకూ పెళ్లి అంటారు. ఆ మాట ఎక్కడిది?

ఈ మాట మన ఒక్కరిదే కాదు. మా పక్క బ్లాకులోని తమిళ కుటుంబం అదే వానను చూసి కాకికీ నక్కకూ కల్యాణం అంటుంది. జపాన్‌లో నక్కల పెళ్లి ఊరేగింపు అంటారు, కొరియాలో పులి పెళ్లి, దక్షిణాఫ్రికాలోని జులూ భాషలో కోతుల పెళ్లి. ఇన్ని దేశాలవారు ఒకరి నోట ఒకరు విని ఈ మాట నేర్చుకున్నారనుకోవడం కష్టం. కలవకూడనివి రెండూ కలిసినప్పుడు మనిషికి తోచే పోలిక పెళ్లే కాబోలు.

జరిగేది మాత్రం సులువైన విషయమే. సూర్యుడు ఒక పక్కకు వాలి ఉన్నప్పుడు, నెత్తిమీది మేఘం వాన కురిపిస్తున్నా దాని అంచు కిందుగా ఎండ ఏటవాలుగా వచ్చి పడుతుంది. లేదా దూరంగా కురుస్తున్న వానను గాలి మనమీదికి తోసుకొస్తుంది. ఇంద్రధనుస్సు కనబడేదీ అలాంటి వేళలోనే, అయితే ఒక షరతు ఉంది. వానచినుకులోంచి వెనక్కి తిరిగే కాంతి సుమారు 42 డిగ్రీల కోణంలో మన కంటికి చేరుతుంది కనుక, సూర్యుడు అంతకంటే ఎత్తుకు ఎక్కితే నేలమీద నిలబడ్డవారికి ధనుస్సు కనిపించదు. ఈ లెక్కన బెంగళూరులో వానాకాలపు మధ్యాహ్నం, ఎంత చక్కని ఎండలో ఎంత వాన కురిసినా, ఆకాశంలో వెతకడం దండగ. సాయంత్రం నాలుగు దాటాక సూర్యుడికి వీపు పెట్టి తూర్పు దిక్కుకు చూడాలి. పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు పిల్లలు చూసేది నిజానికి రెండు వేర్వేరు ధనుస్సులని చెబితే, ఎవరిది పెద్దదని వాళ్లు పోట్లాడుకున్నారు.

సాలగ్రామాన్ని పురుగు తొలిచిందంటారు. రాతిని తొలిచే పురుగు ఉంటుందా?

మా తరగతికి ఒక నాయనమ్మ తన పూజాపెట్టెలోని సాలగ్రామాన్ని పట్టుగుడ్డలో చుట్టి తెచ్చి చూపించారు. అరచేతిలో ఇమిడే నల్లని రాయి, నున్నగా ఉంది. ఒక పక్క చిన్న నోరు లాంటి రంధ్రం, దానిలోకి తొంగిచూస్తే లోపలిగోడమీద సుడి తిరిగిన గీతలు, గీతకూ గీతకూ మధ్య దువ్వెనపళ్లలా సన్నని గాట్లు. పురాణం ప్రకారం విష్ణువు శాపవశాన శిలారూపం పొందగా, వజ్రకీటం అనే పురుగు ఆ శిలను తొలిచి చక్రాలు ఏర్పరచింది.

భూగర్భశాస్త్రం ప్రకారం ఆ సుడి అమ్మొనైట్ అనే సముద్రజీవి గుల్ల మిగిల్చిన అచ్చు. నత్తలా కనిపించినా ఇది ఆక్టోపస్‌కు, కటిల్ చేపకు దగ్గరి చుట్టం. గండకీ నది పైభాగంలో, నేపాల్‌లోని ముక్తినాథ్ పరిసరాల్లో దొరికే ఈ రాళ్లు సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున పేరుకున్న బురదలో ఏర్పడ్డాయి. ఆ జీవజాతి 6.6 కోట్ల సంవత్సరాల కిందట, డైనోసార్లతోపాటే అంతరించింది. అప్పటికి ఆసియాకూ మన భూఖండానికీ మధ్య టెథిస్ అనే సముద్రం ఉండేది. సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట మన భూఖండం ఆసియాను ఢీకొన్నప్పుడు ఆ సముద్రపు అడుగే ముడతలుపడి హిమాలయంగా లేచింది. ఎవరెస్టు కొనమీద ఉన్నది కూడా సముద్రంలో ఏర్పడిన సున్నపురాయే, వయసు 45 కోట్ల సంవత్సరాల పైమాటే. ఇంతకీ టెథిస్ అనేది గ్రీకు పురాణాల్లోని సముద్రదేవత పేరు. 1893లో ఆ పేరు పెట్టిన ఎడ్వర్డ్ స్యూస్ అనే శాస్త్రవేత్త పురాణాన్ని కొత్తదారిలో లోపలికి తెచ్చాడన్నమాట.

పురుగు రాతిని తొలవలేదు, పురుగు చుట్టూ రాయి ఏర్పడింది. కారణం తలకిందులైనా, చూపు తప్పలేదు. నదిలో దొరికిన ఒక రాతిని చేతిలోకి తీసుకుని, ఈ గీతలు నీరు కోసినవి కావు, ప్రాణమున్నదేదో చేసినవి అని గుర్తించడం సామాన్యమైన విషయం కాదు. ఆ నాయనమ్మ అంతా విని, రాయిని మళ్లీ గుడ్డలో చుట్టుకుంటూ, పదిహేను కోట్ల ఏళ్ల స్వామి అయితే అభిషేకం ఇంకా శ్రద్ధగా చేయాలన్నారు.

హిమాలయం ముందు పుట్టిందా, లాల్‌బాగ్ గుట్ట ముందు పుట్టిందా?

లాల్‌బాగ్ గుట్టే, అదీ పోలికకు అందనంత ముందు. కెంపేగౌడ గోపురం నిలిచిన ఆ రాయి వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలు. దానిని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించారు. దానితో చూస్తే హిమాలయం నిన్న మొన్న పుట్టిన పసిబిడ్డ. ఉదయపు నడకకు వచ్చి ఆ బండమీద కూర్చుని వేరుశనగలు వలుచుకునేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో!

వింధ్యపర్వతం అగస్త్యుడికి తలవంచి పెరగడం మానేసింది అన్న కథ నిజమేనా?

ఈ కథను సైన్సుతో ముడిపెట్టాలని కొందరికి మహా ఉత్సాహం. హిమాలయం ఇప్పటికీ పెరుగుతోంది, వింధ్య పెరగడం లేదు, కాబట్టి మన పూర్వులకు భూఫలకాల కదలిక తెలుసునని వాదిస్తారు. మేము ఆ వాదనను ఒప్పుకోము. పర్వతం ఏడాదికి పెరిగే కొద్దిపాటి మిల్లీమీటర్లు ఏ మనిషి కంటికీ ఆనవు; కంటికి ఆననిదాన్ని కథ చూసిందనడం అతిశయోక్తి.

అయితే ఈ కథ చూసినది వేరొకటి ఉంది, అది నేలమీద కాదు, ఆకాశంలో. అగస్త్యుడి పేరుతో మనం పిలిచే నక్షత్రం ఆకాశంలో సిరియస్ తరువాత అత్యంత ప్రకాశవంతమైనది. అది ఖగోళంలో బాగా దక్షిణాన ఉండడంవల్ల ఉత్తరాదివారికి దిగంతాన్ని ఒరుసుకుంటూ కనిపిస్తుంది. దక్షిణానికి ప్రయాణించేకొద్దీ పైకి లేస్తుంది. ఢిల్లీలో దాని గరిష్ఠమైన ఎత్తు సుమారు 9 డిగ్రీలు, బెంగళూరులో 24. చేయి చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ఫిబ్రవరి మొదట్లో రాత్రి తొమ్మిది ప్రాంతంలో పిల్లలను మిద్దెమీదికి తీసుకెళ్లి, దక్షిణాన పిడికిలిమీద పిడికిలి పెట్టించి కొలిపించాము. రెండున్నర పిడికిళ్ల దగ్గర, ఎదుటి భవనంలోని నీళ్లట్యాంకుకు కాస్త పైన, నక్షత్రం దొరికింది. వింధ్య దాటి దక్షిణానికి వచ్చినవారికి అగస్త్యుడు తమతోపాటే నడిచి వచ్చి పైకి లేచినట్లు తోచడంలో వింతేమీ లేదు. వర్షాకాలం చివర తెల్లవారుజామున ఈ నక్షత్రం తిరిగి కనిపించే రోజుల్లోనే వాగుల్లో బురద తేరుకుంటుంది కనుక, అగస్త్యోదయంతో నీళ్లు తేటపడతాయన్న మాట కూడా పుట్టింది. గ్రీకు పండితుడు పొసిడోనియస్ ఇదే నక్షత్రం రోడ్స్ ద్వీపంలో దిగంతాన్ని తాకుతూ, అలెగ్జాండ్రియాలో దానికి పైగా కనిపించడాన్ని ఆధారం చేసుకుని భూమి చుట్టుకొలతను లెక్కగట్టాడు.

మనకు ఒక సంవత్సరం దేవతలకు ఒక రోజు అంటారు. అలాంటి చోటు భూమిమీద ఉందా?

ఉంది. ఉత్తర ధ్రువంలో మార్చి చివరివారంలోపు ఉదయించిన సూర్యుడు సెప్టెంబరు చివరివారం దాకా అస్తమించడు. ఆ తరువాత ఆరునెలలు కనిపించడు. మేరుపర్వతం ఉత్తర ధ్రువంలో ఉందని, అక్కడి దేవతలు ఒకసారి ఉదయించిన సూర్యుడిని ఆరునెలలపాటు చూస్తారని మన జ్యోతిష సిద్ధాంత గ్రంథాలు చెబుతున్నాయి. అక్కడికి ఎవరూ నడిచి వెళ్లి చూడలేదు. భూమి గుండ్రనిదని ఒప్పుకుని, సూర్యుడి గమనాన్ని గణితంలో పెడితే ఆ జవాబే వస్తుంది. ఇది కన్ను చూసినది కాదు, లెక్క చూసినది. ఇందులో ఒక పేచీ కూడా ఉంది. ఉత్తరాయణం దేవతల పగలు అంటాము, కానీ ఉత్తరాయణం డిసెంబరులో సూర్యుడు ఉత్తరానికి తిరిగిన రోజున మొదలవుతుంది, ధ్రువంలో పగలు మాత్రం మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది.

ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తైన పర్వతం ఏది?

కొలిచే పద్ధతిని బట్టి మూడు జవాబులు. సముద్రమట్టం నుంచి ఎవరెస్టు, 8,848.86 మీటర్లు, నేపాల్, చైనా 2020లో కలిసి ప్రకటించిన అంకె ఇది. మొదలు నుంచి కొన దాకా అయితే హవాయిలోని మౌనా కియా, సముద్రపు అడుగు నుంచి కొలిస్తే 10,000 మీటర్లు దాటుతుంది. భూమి కేంద్రం నుంచి కొలిస్తే ఈక్వెడార్‌లోని చింబొరాజో, ఎందుకంటే భూమి నడుము దగ్గర ఉబ్బి ఉంటుంది. ఎవరెస్టును కొలిచిన మహా సర్వే 1802లో మన పక్కనున్న మద్రాసులో, సెయింట్ థామస్ కొండ దగ్గర పరచిన గొలుసుతోనే మొదలైంది.

పెన్నానది నందికొండల్లో పుట్టిందంటే, నెల్లూరికీ బెంగళూరికీ నీటి చుట్టరికం ఉన్నట్లేనా?

ఉన్నట్లే. ఉత్తర పినాకిని అనబడే పెన్న నందికొండల ప్రాంతంలో పుట్టి, ఉత్తరంగా అనంతపురం వైపు ప్రవహించి, ఆపైన తూర్పుకు తిరిగి, కడప మీదుగా 597 కిలోమీటర్లు నడిచి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడే పుట్టిన దక్షిణ పినాకిని తమిళనాడుకు వెళుతుంది. పినాకమంటే శివుడి విల్లు. ఒకే కొండనుంచి రెండు వైపులా వంపు తిరిగి సాగే నదులకు ఆ పేరు పెట్టినవారు విల్లు రెండు కొనలనూ మనసులో పెట్టుకున్నారేమోనని మాకు అనిపిస్తుంది, అయితే ఇది మా ఊహ మాత్రమే.

బెంగళూరు నగరమే ఒక మిట్టమీద కూర్చుంది. పడమటి వైపు పడ్డ వాన వృషభావతిలో చేరి, అర్కావతి ద్వారా కావేరికి పోతుంది. తూర్పు వైపు పడ్డది బెళ్లందూరు చెరువు మీదుగా దక్షిణ పినాకినికి పోతుంది. వృషభావతి బసవనగుడిలోని నంది పాదాల దగ్గర పుట్టిందని స్థలపురాణం. ఆ గుడి ఉన్నది మిట్టమీద కనుక, ఊట అక్కడ మొదలైందన్న మాటలో కొంత భూగోళం ఉంది. ఇప్పుడు ఆ ఏరు దగ్గర నిలబడి స్థలపురాణం చెప్పాలంటే ముందు ముక్కు మూసుకోవాలి.

మనకు రామసేతువు ఉన్నట్లు వేరే దేశాల్లోనూ సముద్రంపై వంతెన కట్టిన కథలు ఉన్నాయా?

ఉత్తర ఐర్లండ్ తీరంలో సుమారు 40,000 రాతి స్తంభాలు, ఎక్కువభాగం ఆరు పలకలవి, ఎవరో చెక్కి పేర్చినట్లు సముద్రంలోకి మెట్లుమెట్లుగా దిగుతాయి. ఫిన్ మెకూల్ అనే రాక్షసుడు స్కాట్లండ్‌లోని మరో రాక్షసుడితో తలపడడానికి ఈ దారి వేశాడట. ఎదుటివాడు తనకంటే భారీకాయుడని తెలిశాక ఫిన్ బెదిరిపోగా, అతని భార్య అతడిని ఉయ్యాలలో పడుకోబెట్టి పసిబిడ్డలా దుప్పటి కప్పింది. బిడ్డే ఇంతుంటే తండ్రి ఎంతుంటాడోనని స్కాట్లండ్ రాక్షసుడు దారిని పీకిపారేసుకుంటూ పరుగెత్తాడు. స్కాట్లండ్ వైపున స్టాఫా దీవిలో అచ్చం అలాంటి స్తంభాలే ఉన్నాయి. రెండు తీరాల రాళ్లూ ఒకే తీరుగా ఉన్నాయని కథకులు ముందే గమనించారు. అవి సుమారు 6 కోట్ల సంవత్సరాల నాటి లావా. లావా చల్లారి కుంచించుకుపోయేటప్పుడు, ఎండిన చెరువు అడుగున బురద బీటలు వారినట్లే పగులుతుంది, కాకపోతే ఆ పగులు లోతుకు దిగి స్తంభమవుతుంది. ఇది చూడడానికి ఐర్లండ్ వెళ్లనక్కరలేదు. రాత్రి బస్సు ఎక్కి ఉడుపి చేరి, మల్పె నుంచి పడవలో సెయింట్ మేరీస్ దీవికి వెళితే అలాంటి స్తంభాలే కాళ్లకింద ఉంటాయి.

ఇక రామేశ్వరం, మన్నారు దీవుల మధ్యనున్నది సుమారు 48 కిలోమీటర్ల పొడవున ఇసుక, సున్నపురాయి తిన్నెల వరుస. సుమారు 20,000 సంవత్సరాల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువగా ఉండేది; అప్పుడు శ్రీలంకకూ మనకూ మధ్య ఉన్నది నేలే, మనుషులు నడిచి వెళ్లగలిగిన నేల. తేలే రాళ్ల మాటకొస్తే, అగ్నిపర్వతాల నురగ గడ్డకట్టిన ప్యూమిస్ అనే రాయి నిజంగానే నీటిపై తేలుతుంది, లోపలంతా గాలిగదులు కనుక.

భూగోళానికి అన్నిటికంటే దగ్గరగా వచ్చిన కథ ఏది?

మా ఓటు హవాయి దీవుల పెలే కథకు. అగ్నిదేవత పెలే తన అక్క అయిన సముద్రదేవత తరుముతుండగా వాయవ్యాన ఉన్న కవాయి దీవిలో దిగి, నిప్పుగుంట తవ్వుకుంది. అక్క వచ్చి నీళ్లు నింపి ఆర్పేసింది. తరువాత ఓఅహు, ఆపైన మౌయి, చివరకు ఆగ్నేయాన ఉన్న పెద్ద దీవి. కిలవేయ అగ్నిపర్వతం నోట ఇప్పటికీ ఆమె కాపురం. భూమి అడుగున ఒకేచోట నిలిచిన వేడిమిపై సముద్రపు ఫలకం వాయవ్యంగా జరుగుతూ ఉండగా ఒకదాని తరువాత ఒకటిగా ఈ దీవులు పుట్టాయని శాస్త్రం చెబుతుంది. కవాయి వయసు సుమారు 50 లక్షల సంవత్సరాలు, పెద్ద దీవిది 10 లక్షల లోపు. పెలే నడిచిన వరుస, దీవుల వయసు వరుస ఒక్కటే. ఏ దీవి ఎక్కువ కోసుకుపోయింది, ఎక్కడ మట్టి లోతుగా ఉంది, ఎక్కడ రాయి ఇంకా నల్లగా వేడిగా ఉంది అని తరతరాలుగా చూసినవారి కథ ఇది.

హంసలు వానాకాలంలో మానససరోవరానికి పోతాయన్నది కవుల కల్పనా?

కల్పన కాదు. తలపై రెండు నల్లని పట్టీలుండే ఒక అడవి బాతు జాతి చలికాలమంతా మన చెరువుల్లో గడిపి, ఎండలు ముదిరే వేళకు హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా సరస్సులకు వెళ్లి గుడ్లు పెడుతుంది. అవి 7,000 మీటర్లకు మించిన ఎత్తున ఎగిరినట్లు పరికరాలు కట్టి నమోదు చేశారు. గదగ్ జిల్లాలోని మాగడి చెరువుకు వెళితే శీతకాలంలో వేలాదిగా కనిపిస్తాయి. పాలనూ నీటినీ వేరుచేయడం మాత్రం ఏ పక్షికీ చేతకాదు.

బెర్ముడా త్రికోణం సంగతేమిటి?

ఇందులో చూసినదంటూ ఏమీ లేదు. ఆ పేరే 1964లో ఒక పత్రికావ్యాసంలో పుట్టింది. రద్దీ ఎక్కువైన, తుపానులు ఎక్కువైన సముద్రంలో ప్రమాదాలూ ఎక్కువే.

పరీక్షలో వజ్రకీటం అని రాయాలా, అమ్మొనైట్ అని రాయాలా?

అమ్మొనైట్ అని. నాయనమ్మ అడిగితే రెండూ చెప్పండి.

కథ వల్ల ఎవరికైనా మేలు జరిగిందా?

సుమత్రా పడమటి తీరానికి ఎదురుగా సిమెలూ అనే దీవి ఉంది. 1907లో భూకంపం వెంట వచ్చిన అల అక్కడ ఎందరినో పొట్టనపెట్టుకుంది. బతికినవారు దానికి స్మోంగ్ అని పేరు పెట్టి, కథల్లోనూ జోలపాటల్లోనూ పిల్లలకు చెబుతూ వచ్చారు: నేల గట్టిగా కంపించి, సముద్రం వెనక్కి తీస్తే, గేదెలనూ సామాన్లనూ చూసుకోక కొండెక్కాలి. 2004 డిసెంబరు 26న భూకంపకేంద్రానికి అతి దగ్గరగా ఉన్న జనావాసాల్లో ఆ దీవి ఒకటి. అల పది నిమిషాల్లో వచ్చింది. స్మోంగ్ అని కేక వినబడగానే జనం కొండలెక్కారు. వేలమంది ఉన్న ఆ దీవిలో చనిపోయినవారిని వేళ్లమీద లెక్కపెట్టవచ్చు.

ఆ ఉదయం ఆరున్నర వేళ మద్రాసులోనూ నేల కదిలింది, కొందరు మంచాలమీంచి లేచి కూర్చున్నారు కూడా. అయితే సిమెలూ కథను మన తీరానికి ఉన్నదున్నట్లు అతికించలేము, ఎందుకంటే ఆ రోజు భూకంపకేంద్రానికి పడమటి వైపున్న మన తీరానికి ముందుగా వచ్చింది ఉప్పొంగిన అలే, సముద్రం వెనక్కి తగ్గి హెచ్చరించలేదు. మెరీనాకు ఆ అల చేరేసరికి సుమారు తొమ్మిది గంటలైంది. సిమెలూవారికి దొరికినది పది నిమిషాలు, మనవారికి రెండున్నర గంటలు. మనకు ఆ కథ లేదు.